వర్క్‌షాప్ నుంచి గ్యాలరీ గోడ దాకా: కళావకాశాల ఖర్చు ఎవరి మీద పడుతోంది?

సారాంశం: కళాకారులకు వృత్తి మెలకువలు నేర్పే వర్క్‌షాపులు, పోటీ ప్రదర్శనలు, రెసిడెన్సీలు (కళాకారుడు కొంతకాలం ఒకచోట ఉండి పనిచేసుకునే ఏర్పాట్లు), గ్యాలరీ ప్రదర్శనలు విరివిగా ప్రకటితమవుతున్నా, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే దారి చాలామందికి దొరకడం లేదు. దీనికి ప్రతిభ లేమి కంటే నిధులు అందే తీరు పెద్ద కారణం. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అన్న రెండు విషయాలను బట్టే ఏ అవకాశం ఎవరికి మేలు చేస్తుందో తేలుతుంది.

ఒక సామాజిక కళా కేంద్రం నోటీసు బోర్డు మీద ఒకే వారంలో నాలుగు రకాల ప్రకటనలు కనిపించడం మామూలే. ఒకటి పోర్ట్‌ఫోలియో (తన పనుల్లోంచి ఎంచి కూర్చిన సంకలనం) తయారీ మీద ఉచిత వర్క్‌షాప్. రెండోది రుసుము కట్టి చిత్రాలు పంపమనే పోటీ ప్రదర్శన. మూడోది మూడు నెలల రెసిడెన్సీ. నాలుగోది అద్దెకు దొరికే ప్రదర్శనశాల. నాలుగూ పక్కపక్కనే ఉంటాయి, నాలుగూ ఒకే రకం ఉత్సాహంతో పిలుస్తాయి. కానీ మొదటిదానిలో ఖర్చు నిర్వాహకులది, రెండోదానిలో దరఖాస్తుదారులందరిదీ, మూడోదానిలో సాధారణంగా నిధులిచ్చిన సంస్థది, నాలుగోదానిలో పూర్తిగా కళాకారుడిదే. ఈ తేడా ప్రకటనలో పైకి కనిపించదు కాబట్టి, కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు నాలుగింటినీ ఒకే త్రాసులో తూచి, తమకు అందుబాటులో ఉన్న కొద్దిపాటి డబ్బునూ సమయాన్నీ తప్పుచోట పెట్టే ప్రమాదం ఉంటుంది.

వృత్తి వర్క్‌షాపులే ఎందుకు ఎక్కువ

కళాకారుల వృత్తి వర్క్‌షాపులో బొమ్మ వేయడం నేర్పరు. వేసిన బొమ్మను మీద వెలుతురు మెరవకుండా ఫొటో తీయడం, తన పని గురించి నాలుగు వాక్యాలు స్పష్టంగా రాయడం, ధర నిర్ణయించడం, గ్యాలరీ ఇచ్చిన ఒప్పందాన్ని చదివి అర్థం చేసుకోవడం, గ్రాంటు దరఖాస్తుకు బడ్జెట్ వేయడం వంటివి నేర్పుతారు. చాలా కళాశాలల పాఠ్యప్రణాళికలో వీటికి చోటు తక్కువ కాబట్టి ఈ తరగతుల అవసరం నిజమైనదే. ఒక్క ధర సంగతి చూసినా ఎన్ని చిక్కులున్నాయో తెలుస్తుంది. ఒకే కొలతలో, ఒకే మాధ్యమంలో చేసిన రెండు చిత్రాలకు కారణం చెప్పలేని రెండు ధరలు పెడితే కొనేవారికి నమ్మకం పోతుంది. స్టూడియోలో నేరుగా అమ్మే ధర గ్యాలరీ ధర కంటే తక్కువైతే ఆ గ్యాలరీ మళ్లీ ఆ కళాకారుడితో పనిచేయడానికి వెనకాడుతుంది. ఒకసారి పెంచిన ధరను తగ్గిస్తే, అంతకుముందు కొన్నవారు మోసపోయామనుకుంటారు. అందుకే తక్కువ ధరతో మొదలుపెట్టి, గ్యాలరీ తీసుకునే కమిషన్‌ను మొదటి నుంచే అందులో కలుపుకుని, నెమ్మదిగా పెంచమని అనుభవజ్ఞులు చెబుతారు. చెప్పేవారుంటే ఈ విషయం గంటలో అర్థమవుతుంది. లేకపోతే తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది.

అయితే వర్క్‌షాపులు ఇంతగా పెరగడానికి అవసరం ఒక్కటే కారణమని చెప్పలేం. కళా సంస్థలకు వచ్చే నిధుల్లో ఎక్కువ భాగం ఏడాదికో రెండేళ్లకో పరిమితమై ఉంటుంది. ఆ గడువు ముగిసేసరికి ఎంతమందికి మేలు జరిగిందో నివేదికలో చూపాలి. ఒక హాలు, ఒక వక్త, పాతిక కుర్చీలు ఉంటే వర్క్‌షాప్ జరిగిపోతుంది, హాజరుపట్టీయే రుజువవుతుంది. అదే డబ్బుతో ఒక కళాకారుడికి రెండేళ్లపాటు పనిచేసుకునే గది ఇస్తే నివేదికలో ఒక్క పేరే ఉంటుంది. ఆ రెండేళ్ల ఫలితం మరో నాలుగేళ్లకు గానీ కనిపించదు, కనిపించినప్పుడు దానికి కారణం ఫలానా గదేనని తేల్చడమూ కష్టమే. లెక్కించడానికి వీలైన పనికి నిధులు సులువుగా దొరకడం వల్ల నిర్వాహకుల ఉద్దేశంతో నిమిత్తం లేకుండానే కార్యక్రమాలు అటువైపు ఒరుగుతాయి.

దీని ఫలితం ఏమిటంటే, మొదటి మెట్టు మీద జనం పెరుగుతూ ఉంటారు, రెండో మెట్టు ఇరుకుగానే ఉంటుంది. పోర్ట్‌ఫోలియో తయారు చేసుకున్నవారు దాన్ని చూపించే చోటు లేక, మరో సంస్థ పెట్టిన అదే రకం తరగతికి మళ్లీ వెళ్తారు. ఈ రంగంలో పనిచేసేవారికి ఇది బాగా తెలిసిన సమస్యే. ఒక్కరోజు తరగతికి బదులు, పదిమంది ఉన్న బృందం ఆరు నెలలపాటు కలుస్తూ, చివర్లో చిన్న గ్రాంటుతోనో ఖాయమైన ప్రదర్శన తేదీతోనో ముగిసే కార్యక్రమాలు ఇందుకే మెరుగైనవి. తేదీ ఉన్నప్పుడు ఫొటోలు, ధరల పట్టిక, రవాణా ఏర్పాటు అన్నీ అభ్యాసంగా మిగలకుండా నిజమైన పనిగా మారతాయి.

బడి, జీతం, గోడ ఒకేచోట: 1935 నాటి ఏర్పాటు

శిక్షణకూ ప్రదర్శనకూ మధ్య ఖాళీ లేని ఏర్పాటు ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలో ఆర్థిక మాంద్యం నాటి ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్ట్‌ను గుర్తు చేసుకోవాలి. 1935లో మొదలై 1943 వరకు నడిచిన ఈ పథకం హోల్గర్ కేహిల్ నాయకత్వంలో నిరుద్యోగ కళాకారులకు వేతనాలు ఇచ్చింది, దేశవ్యాప్తంగా వందకు పైగా కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్లను తెరిచింది. స్థానికులు భవనాన్నీ నిర్వహణ ఖర్చులో కొంత భాగాన్నీ సమకూర్చేవారు. బోధించే కళాకారుల జీతాలను ఫెడరల్ ప్రభుత్వం భరించేది. తరగతులు ఉచితం. తరగతి గదులున్న కప్పు కిందే ప్రదర్శనశాల కూడా ఉండేది.

న్యూయార్క్‌లో 1937లో ప్రారంభమైన హార్లెమ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌కు శిల్పి అగస్టా సావేజ్ తొలి డైరెక్టర్‌గా పనిచేశారు. షికాగోలోని సౌత్ సైడ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్ 1940లో తెరుచుకుంది, 1941లో ఎలియనోర్ రూజ్‌వెల్ట్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. అప్పటి గ్యాలరీలు నల్లజాతి కళాకారులకు తలుపులు దాదాపు మూసే ఉంచిన కాలంలో ఈ రెండు కేంద్రాలూ నేర్పే పనినీ, చూపించే పనినీ, బతుకుదెరువునూ ఒక్కచోట చేర్చాయి. పాఠం చెప్పేవారు జీతం తీసుకుంటున్న కళాకారులు. ఆ జీతం వాళ్ల సొంత పనికి కూడా ఊపిరిగా నిలిచింది.

యుద్ధకాలంలో ఫెడరల్ నిధులు ఆగిపోగానే చాలా కేంద్రాలు మూతపడ్డాయి, హార్లెమ్ కేంద్రం కూడా నిలవలేదు. సౌత్ సైడ్ కేంద్రం మాత్రం ఇప్పటికీ అదే భవనంలో నడుస్తోంది. ఆ భవనాన్ని స్థానికులు చిల్లర నాణేలు సైతం పోగుచేసి విరాళాలతో కొన్నారు. నిధుల విధానం మారినా, ప్రభుత్వాలు మారినా తలదాచుకునే చోటు చేజారకపోవడం దీర్ఘకాలంలో ఎంత తేడా తెస్తుందో ఈ రెండు కేంద్రాల చరిత్రను పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది. 1973లో వచ్చిన సమగ్ర ఉపాధి, శిక్షణ చట్టం కింద కూడా అమెరికాలో సుమారు 10,000 మంది కళాకారులకు పని దొరికింది, 1980ల మొదట్లో ఆ పథకం ముగియగానే ఆ ఉద్యోగాలు కూడా ముగిశాయి. అద్దె గదుల్లో, ఏటేటా వచ్చే గ్రాంట్ల మీద నడిచే నేటి కేంద్రాలకు ఈ అనుభవం నేరుగా వర్తిస్తుంది.

ఎంపిక: న్యాయనిర్ణేతలు, అందరికీ ప్రవేశం, లాటరీ

రెండో మెట్టులో అసలు ప్రశ్న ఎంపిక. స్థలం పరిమితం, కోరేవారు ఎక్కువ. ఈ చిక్కును తీర్చడానికి రెండున్నర శతాబ్దాలుగా మూడు పద్ధతులు ప్రయత్నంలో ఉన్నాయి, మూడింటికీ వేర్వేరు మూల్యాలున్నాయి.

మొదటిది న్యాయనిర్ణేతల పద్ధతి. లండన్‌లో 1768లో ఏర్పడిన కళాకారుల సంస్థ రాయల్ అకాడమీ 1769 నుంచి ఏటా తప్పకుండా నిర్వహిస్తున్న సమ్మర్ ఎగ్జిబిషన్‌కు ఎవరైనా రుసుము కట్టి చిత్రాలు పంపవచ్చు. వేల సంఖ్యలో వచ్చిన వాటి నుంచి అకాడమీ సభ్యులు ఎంపిక చేస్తారు. సభ్యుల సొంత రచనలకు మాత్రం అక్కడ హక్కుగా చోటుంటుంది. ఈ ప్రదర్శన ఆదాయం అకాడమీ పాఠశాలకు తోడ్పడుతుంది, ఆ పాఠశాల విద్యార్థుల నుంచి బోధన రుసుము తీసుకోదు. ప్రదర్శన రాబడి తిరిగి శిక్షణలోకి ప్రవహించే ఈ గొలుసు గమనించదగినది. చాలా పోటీ ప్రదర్శనల్లో అలాంటి గొలుసు ఉండదు. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుంటే, వెయ్యి మంది రుసుము కట్టి, నలభై మంది ఎంపికైతే, చాలావరకు ఎంపిక కాని 960 మంది డబ్బుతోనే ఆ నలభై మంది ప్రదర్శన, బహుమతులు, నిర్వాహకుల జీతాలు నడుస్తాయి. గోడ దొరకనివారే గోడ ఖర్చు మోస్తారు. ఇలాంటి చోట తిరస్కరణ లేఖతో పాటు రెండు వాక్యాల అభిప్రాయమైనా పంపితే కట్టిన రుసుముకు కొంత విలువ దక్కుతుంది. అలా పంపే సంస్థలు తక్కువే.

రెండోది ఎంపికే వద్దనే పద్ధతి. పారిస్‌లో 1884లో చిత్రకారులు సూరా, సిన్యాక్, రెదోన్ తదితరులు స్థాపించిన స్వతంత్ర కళాకారుల సంఘం జ్యూరీ (న్యాయనిర్ణేతల బృందం) ఉండదు, బహుమతులు ఉండవు అనే నియమంతో మొదలైంది. అదే స్ఫూర్తితో న్యూయార్క్‌లో ఏర్పడిన మరో సంఘం 1917లో, ఆరు డాలర్లు కట్టిన ఎవరి పనినైనా ప్రదర్శిస్తామని ప్రకటించింది. సుమారు 1,200 మంది పంపిన దాదాపు 2,500 కళాఖండాలను కళాకారుల పేర్లలోని అక్షర క్రమంలో, ఆ క్రమం ఏ అక్షరంతో మొదలవ్వాలో కూడా చీటీ తీసి నిర్ణయించి వేలాడదీశారు. అంత పట్టుదలగా సమానత్వం పాటించిన సంఘమే, తన నిర్వాహకుల్లో ఒకరైన కళాకారుడు మార్సెల్ దుషాంప్ మారుపేరుతో కళాఖండంగా పంపిన పింగాణీ మూత్రపాత్రను మాత్రం ప్రదర్శనకు పెట్టలేదు, దానికి నిరసనగా ఆయన సంఘం నిర్వాహక బాధ్యత నుంచి తప్పుకున్నారు. జ్యూరీని తొలగించినా ఎంపిక పూర్తిగా పోలేదని ఆ ఉదంతం చూపింది. మరో పరిణామం కూడా ఉంది. 2,500 కళాఖండాల మధ్య ఏది చూడాలో తేల్చుకునే భారం సందర్శకుడి మీద పడుతుంది, సందర్శకుడు సాధారణంగా తెలిసిన పేరు దగ్గరే ఆగుతాడు.

మూడోది లాటరీ. ఐర్లండ్ ప్రభుత్వం 2022లో ప్రారంభించిన కళాకారుల కనీస ఆదాయ ప్రయోగంలో, అర్హత ఉన్న దరఖాస్తుదారుల నుంచి 2,000 మందిని యాదృచ్ఛికంగా ఎంచి వారానికి 325 యూరోల చొప్పున చెల్లించారు. అర్హత పరీక్షలో వృత్తిగా కళాసాధన చేస్తున్నారా అన్నదే చూశారు. ఎవరి పని గొప్పదో తూకం వేయలేదు. ఎంపిక కానివారిలో కొందరిని పోలికకు తీసుకోవడం వల్ల ఆ డబ్బు ఏ మార్పు తెచ్చిందో కొలవడానికి కూడా వీలైంది. ప్రదర్శనల ఎంపికకు లాటరీని యథాతథంగా వాడటం కష్టమే, ఎందుకంటే ఒక ప్రదర్శనలోని పనుల మధ్య సంబంధం ఉండాలి. కానీ స్టూడియో గదుల కేటాయింపు, సామగ్రి కొనుగోలుకు ఇచ్చే చిన్న గ్రాంట్లు, వర్క్‌షాపు సీట్ల వంటి వాటికి ఇది సమంజసమైన పద్ధతి. ఒక స్థాయి దాటిన దరఖాస్తుల మధ్య తేడా నిజంగా స్వల్పమైనప్పుడు, ముగ్గురు న్యాయనిర్ణేతలు గంటలో ఇచ్చే మార్కుల కంటే చీటీ నిజాయితీగా ఉంటుంది.

గ్యాలరీల్లో రకాలు, నష్టభారంలో తేడాలు

గ్యాలరీ అనగానే చాలామంది ఒకే రకం సంస్థను ఊహించుకుంటారు. వాణిజ్య గ్యాలరీ కళాకారుడి నుంచి ముందుగా డబ్బు తీసుకోదు. అమ్మకం మీద కమిషన్ తీసుకుంటుంది, అది చాలాచోట్ల 50 శాతం వరకు ఉంటుంది. ఆ సగం ఎక్కువని అనిపించినా, అమ్మకం జరగకపోతే అద్దె, సిబ్బంది, ప్రచారం ఖర్చు గ్యాలరీకే నష్టం కాబట్టి అమ్మడానికి దానికి బలమైన కారణం ఉంటుంది. అద్దె గ్యాలరీలో లెక్క తలకిందులవుతుంది. అద్దె ముందే చేతికి వచ్చేస్తుంది, ఒక్క చిత్రం అమ్ముడుపోకపోయినా నిర్వాహకులకు లోటు లేదు. అద్దె హాలు దానికదే తప్పు కాదు. సొంత పరిచయాలు, కొనుగోలుదారుల జాబితా ఉన్న కళాకారుడికి అది పనికొస్తుంది. దాన్ని ఎంపిక ద్వారా దక్కిన గౌరవంగా చూపి, అద్దెను మరో పేరుతో వసూలు చేసినప్పుడే మోసం అవుతుంది.

ఈ రెంటి మధ్య సహకార గ్యాలరీలున్నాయి. సభ్యులు చందా కట్టి, వంతులవారీగా కౌంటర్ చూసుకుని, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు ప్రదర్శించుకుంటారు. కమిషన్ సాధారణంగా వాణిజ్య గ్యాలరీ కంటే తక్కువ. న్యూయార్క్‌లో 1972లో ఇరవై మంది మహిళా కళాకారులు కలిసి స్థాపించిన ఏ.ఐ.ఆర్. గ్యాలరీ ఇలాంటిదే. సభ్యుల శ్రమ ఇందులో కనిపించని పెట్టుబడి, కాబట్టి వారాంతాల్లో సమయం ఇవ్వలేనివారికి ఈ దారి కూడా సులువు కాదు. ఇక లాభాపేక్ష లేని సంస్థలు, ప్రభుత్వ గ్యాలరీలు అమ్మకం మీద ఆధారపడవు కాబట్టి అమ్ముడుపోని రకం పనికి, అంటే ఇన్‌స్టలేషన్లకు (ఒక స్థలమంతా పరిచి చేసే కళాకృతులకు), వీడియోకు, స్థానికులతో కలిసి చేసిన ప్రాజెక్టులకు ఎక్కువగా అక్కడే చోటు దొరుకుతుంది.

ఏ రకం గ్యాలరీ అయినా ఒప్పందంలో ఒక విషయం స్పష్టంగా ఉండాలి. అమ్మకానికి అప్పగించిన కళాఖండం అమ్ముడుపోయే వరకు కళాకారుడి ఆస్తే. గ్యాలరీ దివాలా తీస్తే అప్పులవాళ్లు గోడ మీద ఉన్నదంతా గ్యాలరీదే అనుకుని జప్తు చేసే ప్రమాదం ఉంది. ఇందుకే న్యూయార్క్ రాష్ట్రం 1966లోనే కళాకారులకు రక్షణగా ఒక చట్టం చేసింది. అలాంటి చట్టం లేని చోట కాగితం మీది ఒప్పందమే రక్షణ. ఎన్ని పనులు అప్పగించారు, వాటి ధరలెంత, తగ్గింపు ఇస్తే అది ఎవరి వాటాలోంచి, అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బు చెల్లిస్తారు, దెబ్బతింటే బీమా ఎవరిది అన్నవి అందులో ఉండాలి. వృత్తి వర్క్‌షాపుల్లో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన పాఠం ఇదే.

ప్రదర్శించినందుకు పారితోషికం

ప్రదర్శన జరిగితే కాపలాదారుకు, ఎలక్ట్రీషియన్‌కు, కరపత్రం ముద్రించినవారికి, ప్రదర్శనను రూపొందించిన క్యూరేటర్‌కు డబ్బు అందుతుంది. కళాకారుడికి పేరు వస్తుందని చెబుతారు. వాణిజ్య గ్యాలరీలో అమ్మకం ఆశ ఉంటుంది కాబట్టి ఈ వాదనకు కొంత ఆధారముంది. అమ్మకమే లేని ప్రభుత్వ, సామాజిక ప్రదర్శనల్లో దానికి ఆధారం లేదు.

ఈ విషయంలో కెనడా అనుభవం అన్నిటికంటే సుదీర్ఘమైనది. కళాకారుల చిత్రాల ప్రతిరూపాలను చెల్లింపు లేకుండా వాడుకుంటామని జాతీయ గ్యాలరీ కోరడంతో, చిత్రకారుడు జాక్ చేంబర్స్ చొరవతో 1968లో కార్‌ఫాక్ అనే కళాకారుల సంఘం పుట్టింది. 1975 నాటికి అక్కడ ప్రభుత్వ నిధులు పొందాలంటే ప్రదర్శన పారితోషికం చెల్లించడం షరతుగా మారింది. 1988లో కాపీరైట్ చట్టంలోనే ప్రదర్శన హక్కు చేరింది. అమ్మకానికో అద్దెకో కాకుండా ప్రజల ముందు ఉంచినప్పుడు కళాకారుడికి చెల్లించాలన్నది దాని సారం. స్వీడన్ 2009లో ప్రభుత్వ సంస్థలకు వర్తించే ఒప్పందం తెచ్చింది. అమెరికాలో చట్టం లేకపోవడంతో, 2008లో ఏర్పడిన వేజ్ అనే కార్యకర్తల బృందం 2014 నుంచి, కనీస పారితోషికం ఇచ్చే సంస్థలకు ధ్రువీకరణ ఇచ్చే పద్ధతిని ఎంచుకుంది. సంస్థ వార్షిక ఖర్చును బట్టి ఆ కనీస మొత్తం పెరుగుతుంది కాబట్టి చిన్న కేంద్రం మీద పెద్ద మ్యూజియం స్థాయి భారం పడదు.

పారితోషికం తప్పనిసరి చేస్తే ప్రదర్శనల సంఖ్య తగ్గుతుందనే అభ్యంతరంలో కొంత నిజముంది. మొత్తం బడ్జెట్ పెరగకుండా ఒక కొత్త పద్దు చేరితే మరేదో కుదించాలి. అయితే పారితోషికం లేని వ్యవస్థ కూడా ఉచితంగా నడవడం లేదు. ఆ ఖర్చు ఫ్రేములు, ప్యాకింగ్, రవాణా, సెలవు పెట్టి వచ్చిన రోజుల రూపంలో కళాకారుడి ఇంటి ఖాతాలో పడుతోంది. దాన్ని భరించగలిగినవారి పనే గోడల మీదికి చేరుతుంది. మొదట్లో అందరికీ తెరిచిన తలుపు ఒక్కో మెట్టు దగ్గరా ఆదాయాన్ని బట్టి మనుషుల్ని వడపోస్తూ వెళ్తుంది, చివరికి మిగిలినవారిని చూసి ప్రతిభే నెగ్గిందని అనుకోవడం జరుగుతుంది.

ఆన్‌లైన్ దరఖాస్తులతో వచ్చిన మార్పు

ఒకప్పుడు తమ పనుల స్లైడ్లు (ఫిల్ము మీది ఫొటోలు) తయారుచేసి తపాలాలో పంపాల్సి వచ్చేది. ఇప్పుడు ఒకసారి ఎక్కించిన చిత్రాలతో పది చోట్లకు దరఖాస్తు చేయవచ్చు. దూరప్రాంతాల వారికి ఇది నిజమైన మేలు. అదే సమయంలో ఒక్కో ప్రకటనకు వచ్చే దరఖాస్తులు పెరిగి, ఒక్కోదాని మీద న్యాయనిర్ణేత పెట్టగలిగే సమయం తగ్గింది. చిన్న తెర మీద వెంటనే ఆకట్టుకునే చిత్రాలకు దీనివల్ల మొగ్గు దొరుకుతుంది. దగ్గరికెళ్లి చూస్తే గానీ పొరలు తెలియని వస్త్రకళ, శిల్పం, సూక్ష్మమైన రేఖాచిత్రాలు నష్టపోతాయి. రెండు దశల ఎంపికలో రెండో దశను నేరుగా చూసి చేసే సంస్థలు ఈ లోపాన్ని కొంత సరిదిద్దుతున్నాయి.

మోసాలు కూడా ఇక్కడే పుట్టుకొచ్చాయి. ఎంపికయ్యారని చెప్పి ఆ తర్వాత గోడకు ఇంత, క్యాటలాగ్‌కు ఇంత అని అడగడం ఒక రకం. చిత్రం కొంటామంటూ ధర కంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగతాది రవాణాదారుకు వెంటనే పంపమనడం మరో రకం. ఆ చెక్కు చెల్లదని బ్యాంకు తేల్చేలోపు పంపిన సొమ్ము పోతుంది.

ప్రకటనలో వెతకాల్సినవి

మంచి ప్రకటనలో రుసుము ఎంతో, అది ఎందుకు తీసుకుంటున్నారో, ఎంపిక చేసేవారెవరో, ఎంతమందిని తీసుకుంటారో ముందే ఉంటుంది. గత ప్రదర్శనల్లో పాల్గొన్నవారి పేర్లు ఉంటే వారిలో ఇద్దరు ముగ్గురిని అడిగి డబ్బు సమయానికి అందిందా, పని క్షేమంగా తిరిగొచ్చిందా అన్నది తెలుసుకోవచ్చు. రెసిడెన్సీల్లోనూ తేడా ఇంతే స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో 1907లో మొదలైన మెక్‌డోవెల్ వంటి చోట బస, భోజనం, స్టూడియోలకు కళాకారుడు చెల్లించనక్కర్లేదు. రెసిడెన్సీ అనే పేరుతోనే నడిచే మరికొన్ని చోట్ల వారానికింతని కట్టాలి.

నిధులిచ్చే సంస్థలు అడిగే ప్రశ్నలు మారితే నిర్వాహకుల ప్రాధాన్యాలూ మారతాయి. ఎంతమంది హాజరయ్యారని కాకుండా, హాజరైనవారిలో ఎంతమంది రెండేళ్ల తర్వాత ఎక్కడైనా ప్రదర్శించారు, ఎంతమందికి చెల్లింపు అందింది అని అడిగితే, ఒక వర్క్‌షాప్ పెట్టి వదిలేయడం కేంద్రాలకు సరిపోదు. అలాంటి ప్రశ్నలకు జవాబివ్వాలంటే పాల్గొన్నవారితో సంబంధం కొనసాగించే ఉద్యోగి ఒకరు కావాలి, ఆ ఉద్యోగి జీతాన్ని గ్రాంటులోనే చేర్చాలి. ప్రస్తుతం చాలా గ్రాంట్ల నియమాలు కార్యక్రమ ఖర్చుకు డబ్బిచ్చి సిబ్బంది జీతాలకు పరిమితి పెడుతున్నాయి. వర్క్‌షాప్‌కూ గ్యాలరీకీ మధ్య మిగిలిన ఆ ఖాళీని పూరించాల్సిన మనిషి ఖర్చు ఆ పరిమితి కిందికే వస్తోంది.